జహంగీర్ బొమ్మలో రెక్కల పిల్లలు: అసలుదే

ఇసుక గడియారం మీద కూర్చున్న జహంగీర్, చుట్టూ రెక్కల పిల్లలు, అంటే యూరపు తరహా దేవదూతలు. ఇది బ్రిటిష్ కాలపు కల్పనేమోనని అడిగారు. కాదండీ. మీ దగ్గరున్న నకలుకు మూలం 1615-18 ప్రాంతంలో జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు బిచిత్ర్ గీసిన చిత్రం. అప్పటికి ఈస్టిండియా కంపెనీవాళ్లు సూరత్‌లో వ్యాపారం మాత్రమే చేసుకుంటున్నారు. అసలు బొమ్మ వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది.

1580లో ఫతేపూర్ సిక్రీకి వచ్చిన జెసూట్ పాద్రీలు ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన బైబిలును అక్బరుకిచ్చారు. అలా వచ్చిన అచ్చుబొమ్మలు చూసే మొఘల్ చిత్రకారులు దేవదూతలను, వెలుగునీడలను తమ కుంచెలోకి తెచ్చుకున్నారు.

ఎడమవైపు కింద చూడండి, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్! ఆయన రూపం ఇంగ్లిషు చిత్తరువు చూసి గీసిందే. ఆయనకూ కింద, మూలన, చేతిలో బొమ్మ పట్టుకున్నది బిచిత్రే. నాకు ఆ మూలంటేనే ప్రాణం.