అప్పు, సంబంధం, పరామర్శ: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఇస్లాం పద్ధతులు అడుగుతూ ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. అందుకే మొదటి ప్రశ్నకు ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా బావమరిది షాపు పెట్టుకుంటానంటే 4 లక్షల నగదు, మా ఆవిడ నగల్లోంచి 3 తులాల బంగారం ఇద్దామనుకున్నాం. కాగితం రాసుకుందామనేసరికి ‘సొంతవాళ్ల మధ్య రాతకోతలేంటి, నమ్మకం లేదా’ అని అత్తగారు నొచ్చుకున్నారు. నేను అడగడం తప్పా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: తప్పు కాదు. ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు (వాక్యం) అప్పు రాసుకోవడం గురించే ఉంది. అది అల్ బఖరా సూరా (అధ్యాయం)లోని 282వ ఆయతు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి అంటుందది. అప్పటికప్పుడు చేతులు మారే సరుకుకు మాత్రం రాయకపోయినా దోషం లేదంది. బంధువులకంటూ వేరే మినహాయింపు ఇవ్వలేదు. రాయడం ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదని, గట్టిగా చెప్పిన మంచి పద్ధతని ఎక్కువమంది ఉలమా (ధర్మపండితుల) అభిప్రాయం. కానీ బంధువుల మధ్య తగాదాల్లో చాలా భాగం ‘నువ్వు అలా అన్నావు, నేను ఇలా అనుకున్నాను’ దగ్గరే మొదలవుతాయి కాబట్టి రాసుకోవడమే మేలని మా మాట.

అత్తగారికి ఆ ఆయతులోనే ఉన్న ఇంకో సంగతి చెప్పండి. కాగితంలో ఏం రాయాలో చెప్పాల్సింది అప్పు తీసుకునే మనిషి. అంటే మీ బావమరిది చెబుతుంటే మీరో, మూడో మనిషో రాయాలి. తాను ఒప్పుకున్నంతే కాగితం మీదికి ఎక్కుతుంది, రేపు ఎవరూ దాన్ని పెంచి చెప్పలేరు. ఆ రాత ఆయనకూ రక్షణే.

ఇక బంగారం. నగలు మీ ఆవిడవైతే ఆ అప్పు ఇచ్చేది మీ ఆవిడే, మీరు కాదు. మెహర్‌గా (పెళ్లిలో వరుడిచ్చే కానుకగా) వచ్చినవైనా, పుట్టింటివారు పెట్టినవైనా ఆమె ఆస్తి. మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఇవ్వాలి, కాగితం కూడా ఆమె పేరునే రాయాలి. నగదుకు ఒకటి, బంగారానికి ఒకటి, రెండు కాగితాలు చేసుకోండి.

బంగారం కాగితంలో ‘3 తులాలు’ అని రాయకండి. షాపుల్లో తులమంటే 10 గ్రాములు, పాత లెక్కలో 11.66 గ్రాములు. మూడు తులాల మీద తేడా దాదాపు 5 గ్రాములు! రాళ్లు, పూసలు తీసేసిన నికర బరువు గ్రాముల్లో, పక్కనే ఎన్ని క్యారెట్లో రాయండి. బంగారం అప్పిస్తే అంతే బరువు, అదే నాణ్యత బంగారం తిరిగి రావాలి. ఇచ్చిన రోజు ధర కట్టి డబ్బిస్తానంటే కుదరదు. తీర్చే రోజున ఇద్దరూ ఇష్టపడి డబ్బు రూపంలో తీసుకుంటే ఆ రోజు రేటే లెక్క. తరుగు, మజూరీ ఇందులోకి రావు. ‘నాకు అదే హారం కావాలి’ అని మీ ఆవిడ అనుకుంటే అది అప్పు కాదు, ఎరువు, అంటే వాడుకుని అదే వస్తువు తిరిగివ్వడం. అప్పుడు మీ బావమరిది దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే ఆమె తానే ఆ నగ అమ్మి, రూపాయల్లో అప్పివ్వడం తేలిక.

నగదుకు అచ్చు ప్రోనోటు వాడితే జాగ్రత్త. అందులో ‘నూటికి నెలకు’ అంటూ వడ్డీకి ఖాళీ వదిలిన వరస ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే తర్వాత ఎవరైనా నింపొచ్చు, కాబట్టి ఆ వరస కొట్టేసి పక్కన ఇద్దరూ సంతకం పెట్టండి. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, తేదీ ఉండాలి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పడాలి. గడువు, వాయిదాల వివరం విడిగా ఒప్పంద పత్రంలో రాసుకోండి. సాక్షులుగా ఇద్దరు మగవారు, లేదా ఒక మగవారు, ఇద్దరు ఆడవారు ఉండాలని ఆయతు చెబుతోంది. మీ వైపు ఒకరు, ఆయన వైపు ఒకరు ఉంటే మంచిది. కొంత కొంత తీర్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాసి ఆయన చేత సంతకం పెట్టించండి. చట్టం ప్రకారం ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు. గడువు లోపల చెల్లు పడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క.

అప్పు నడుస్తున్నంత కాలం ఇంతకుముందు లేని మర్యాదలు పుచ్చుకోవద్దు. ఆయన షాపు సరుకు ఊరికే తెచ్చుకోవడం, ఆయన కారు వాడుకోవడం వంటివి మానండి. బాకీపడ్డవాడు గడ్డిమోపు కానుకగా ఇచ్చినా పుచ్చుకోకు, అది వడ్డీ అవుతుందని ప్రవక్త సహచరులు హజ్రత్ అబ్దుల్లా బిన్ సలామ్ (రజి) హెచ్చరించినట్టు బుఖారీ హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో ఉంది. తీర్చేటప్పుడు ఆయనే, ముందు మాట లేకుండా, సంతోషంగా కాస్త ఎక్కువిస్తే అది వేరు. దైవప్రవక్త (స) తాను తీసుకున్న ఒంటెకు బదులు అంతకన్నా మంచి ఒంటెను ఇప్పించి, చక్కగా బాకీ తీర్చేవారే మీలో ఉత్తములన్నారు.

షాపు దెబ్బతిని ఆయన నిజంగా ఇబ్బందిలో పడితే గడువు పెంచమని 280వ ఆయతు ఆజ్ఞ. వదిలేస్తే ఇంకా మంచిదనీ అందులోనే ఉంది. చేతిలో డబ్బుండీ తిప్పించుకుంటే మాత్రం అది జుల్మ్ (అన్యాయం) అని హదీసు. అలాంటప్పుడు గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా పక్క ఫ్లాటు అబ్బాయికి సంబంధం చూస్తున్నారు. అమ్మాయి తరఫువాళ్లు వచ్చి అతని గురించి అడిగారు. అతనికి తాగుడు అలవాటుంది, కళ్లారా చూశాను. చెబితే గీబత్ అవుతుందేమోనని ‘మంచివాడే’ అన్నాను. అప్పట్నుంచి మనసు ఊరుకోవడం లేదు.
– ఒక సోదరి, మలక్‌పేట

జవాబు: మీ మనసు సరిగానే చెబుతోంది సోదరీ. మనిషి చాటున అతనికి నచ్చని మాట అనడం గీబత్, అది నిజమైనా సరే. నిజం కాకపోతే అది అంతకన్నా పెద్దదైన బుహ్‌తాన్, అంటే అభాండం. కానీ సంబంధం కలుపుకోబోయేవారు సలహా అడిగినప్పుడు ఉన్నది చెప్పడం ఇందులోకి రాదు. హదీసు పండితుడు ఇమామ్ నవవీ లెక్కించిన ఆరు మినహాయింపుల్లో ఇదీ ఒకటి.

దీనికి ఆధారమైన హదీసు ‘ముస్లిం’ అనే హదీసుల గ్రంథంలో ఉంది. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) విడాకుల ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు) ముగిశాక, తనను ముఆవియా, అబూ జహ్మ్ అడుగుతున్నారని దైవప్రవక్త (స)కు చెప్పారు. అబూ జహ్మ్ భుజం మీంచి కర్ర దించడని (అంటే కొట్టే మనిషని), ముఆవియా చేతిలో డబ్బు లేదని చెప్పి, ఉసామాను చేసుకొమ్మన్నారు ఆయన. ఆమెకు తెలియాల్సినంతే చెప్పారు, వాళ్ల ఇతర విషయాలేవీ ఎత్తలేదు. మీకూ అదే కొలత.

నిఖా కాకముందే వాళ్లను కలిసి మాట సరిదిద్దుకోండి. ‘ఈ సంబంధం గురించి ఇంకాస్త ఆలోచించండి’ అంటే సరిపోయేట్టుంటే అక్కడే ఆగండి. ఎందుకని నిలదీస్తే చూసింది మాత్రం చెప్పండి: ఎప్పుడు, ఏ స్థితిలో. ‘అందరూ అంటున్నారు’ అనే మాట వద్దు, అతని తల్లిదండ్రుల సంగతులు అసలే వద్దు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టకండి, సాయంత్రానికి అది పది ఇళ్లు తిరుగుతుంది. అమ్మాయి తల్లికో తండ్రికో ఎదురుగా చెప్పి, బయటికి పోనివ్వొద్దని అడగండి. అతను ఆ అలవాటు మానేసి తౌబా (పశ్చాత్తాపం) చేసుకున్నాడని మీకు తెలిస్తే పాతది తవ్వకండి.

ప్రశ్న: మా ఆఫీసులో తోటి ముస్లిం ఉద్యోగి తండ్రి ఈమధ్య పోయారు. మేం హిందువులం. వెళ్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియక ఇద్దరు ముగ్గురం ఆగిపోయాం. ముందుముందు కోసమైనా చెబుతారా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఒక యూదుడి శవం వెళుతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదుడిది కదా అంటే, ‘అది ప్రాణం కాదా’ అన్నారు (బుఖారీ, ముస్లిం). మరణానికి మర్యాద ఇవ్వడంలో మతం అడ్డు రాదు.

ఖననం ఆలస్యం చేయరు. పొద్దున పోతే చాలాసార్లు అదే రోజు ఏదో ఒక నమాజు తర్వాత జనాజా (అంత్యక్రియల) నమాజు ఉంటుంది. కబురందగానే ఏ మసీదు, ఏ నమాజు అని కనుక్కోండి. జనాజా నమాజు నిలబడే చేస్తారు, వంగడం, సాష్టాంగం ఉండవు. నాలుగు తక్బీర్లు (‘అల్లాహు అక్బర్’ అనడం), చివర సలాం, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మీరు వెనక మౌనంగా నిలబడితే చాలు. ఖబరస్తాన్‌కు సాధారణంగా మగవారే వెళతారు. ఆడవారు ఇంటి దగ్గర పరామర్శిస్తారు. ఆ ఇంటి ఆడవారికి మగవారు కరచాలనానికి చేయి చాపకండి.

పూలదండలకన్నా అన్నం పంపండి. ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ‘జాఫర్ ఇంటివారికి వంట చేయండి, తీరిక లేని కష్టం వచ్చింది వాళ్లకు’ అన్నారు దైవప్రవక్త (స). మీ ఇంటి వంట నిక్షేపంగా తింటారు. మాంసం హలాల్‌దై ఉండాలి కాబట్టి శాకాహారమే తేలిక. పదిమందికి కిలోంపావు బియ్యం అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు సరిపోతాయి. గిన్నెలు తిరిగిచ్చే పని పెట్టకుండా పారేసే డబ్బాల్లో ఇవ్వండి. దేవుడికి నైవేద్యం పెట్టింది మాత్రం పంపకండి, వాళ్లు తినరు, కాదనడానికి మొహమాటపడతారు.

పరామర్శకు మామూలుగా మూడు రోజులే. ఊళ్లో లేనివారు తర్వాత వెళ్లినా తప్పు లేదు. మీరింకా వెళ్లకపోతే ఈ వారమే వెళ్లండి. భర్త పోయినామె ఇద్దత్ 4 నెలల 10 రోజులు. ఆ రోజుల్లో ఆమె పరాయి మగవారి ఎదుటికి రాకపోతే తప్పుగా అనుకోకండి, మీ ఆఫీసు ఆడవారిని లోపలికి పంపండి. మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం మన నగరంలో చాలా ఇళ్లలో చేస్తారు, కొందరు చేయరు. ఎప్పుడని మీరుగా అడక్కండి, పిలిస్తే వెళ్లండి.

ప్రశ్న: శుక్రవారం మా గేటుకు అడ్డంగా బండ్లు పెట్టి నమాజుకు వెళతారు. పెద్దాయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చి అవస్థపడ్డాం.
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: మీరు చెప్పింది ముమ్మాటికీ తప్పే. దారిలోంచి అడ్డు తొలగించడాన్ని ఈమాన్ (విశ్వాసం)లో భాగమన్నారు దైవప్రవక్త (స). ఎదుటివారి గేటు మూసి చేసే నమాజుతో ఆ బాధ్యత తీరదు. ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) మొదలయ్యాక మాట్లాడకూడదు కాబట్టి బండ్లు అడ్డం పెట్టొద్దనే ప్రకటన ఖుత్బా అజాన్‌కు ముందే చేయాలి. మసీదు కమిటీవారు ఇద్దరు కుర్రాళ్లను గేట్ల దగ్గర నిలబెట్టి, బండి పెట్టకముందే పక్కకు పంపాలి. ఈ జవాబు కమిటీ సదర్ (అధ్యక్షుడి)కు చూపించండి.

ప్రశ్న: వలీమా (పెళ్లి విందు) కార్డు మా ఇద్దరి పేరునే వచ్చింది. ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్లను తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, చార్మినార్

జవాబు: అడిగి తీసుకెళ్లండి. అబూ షుఐబ్ అనే అన్సారీ (మదీనావాసి) దైవప్రవక్త (స)తో కలిపి ఐదుగుర్ని పిలిస్తే, దారిలో ఇంకొకరు వెంట వచ్చారు. ఇష్టమైతే రానివ్వు, లేదంటే వెనక్కి వెళతాడని ఆయన ఇంటాయనకే వదిలేశారు. ఇంటాయన ఒప్పుకున్నారు. అయితే ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర అడిగితే కాదనే వీలు ఎవరికీ ఉండదు. వంటవాళ్లకు ప్లేట్ల లెక్క చెప్పకముందే, రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి ఎంతమందో చెప్పండి. తటపటాయిస్తే మీ ఇద్దరే వెళ్లండి.