వానల్లో కొచ్చి వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

జులై ఆఖరి వారంలో మీరిద్దరూ, పిల్లాడూ, మీ అత్తగారూ కొచ్చికి టికెట్లు తీశారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "ఆ వానల్లో ఎవరైనా వెళ్తారా, నువ్వైనా చెప్పు అక్కా" అని ఒకటే గోల. నేను చెప్పను. పెదనాన్న బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని ఎర్నాకుళంలో, అంటే కొచ్చిలోనే, ఆరు వానాకాలాలు గడిపినదాన్ని. డిసెంబర్లో మా ఇంటికొచ్చిన చుట్టాలంతా జనాన్ని, హోటల్ రేట్లని చూసి విసుక్కుంటూ వెళ్ళారు. జులైలో వచ్చిన మీ మామయ్య ఒక్కడే ఇప్పటికీ ఆ ఊరి కబుర్లు చెప్తాడు. హాయిగా వెళ్ళండి.

కాకపోతే నువ్వు వేసిన ప్లాన్ మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. నాలుగు రోజుల్లో కొచ్చి, మున్నార్, అలెప్పీ, అతిరప్పిళ్ళి జలపాతం! చలికాలంలో అయితే పరుగు పరుగున తిరిగేయొచ్చేమో. వానాకాలంలో మాత్రం ముందు మున్నార్ కొట్టెయ్యి. అది కొచ్చి నుంచి 130 కిలోమీటర్లే, కానీ సగం ఘాట్ రోడ్డు, జులైలో ఎప్పుడు ఎక్కడ కొండ జారుతుందో తెలీదు. ఓసారి మేం ట్రావెల్స్ వాడి మాట నమ్మి బయల్దేరాం. "రోడ్డు క్లియర్, నాదీ పూచీ" అన్నాడు. అడిమాలి దాటాక రోడ్డుకి అడ్డంగా మట్టి, అందులో వేళ్ళతో సహా ఓ చెట్టు. ఆ రాత్రంతా కారులోనే. మీ అక్కకి అప్పుడు నాలుగేళ్ళు, ఉన్న ఒక్క బిస్కెట్ ప్యాకెట్ దానికే పెట్టాం. పూచీ పడ్డవాడి ఫోన్ మర్నాటి దాకా మోగుతూనే ఉంది, ఎత్తిన పాపాన పోలేదు.

రోజుకి ఒక్క పని పెట్టుకో. రెండోది కుదిరితే లాభం అనుకో. అక్కడి వాన మన ముసురులా సన్నగా పట్టుకుని కూర్చోదు. కుండపోతగా గంటో గంటన్నరో కురుస్తుంది, ఉన్నట్టుండి తెరిపిస్తుంది, ఎండ కూడా కాస్తుంది. మళ్ళీ మబ్బు. మన దగ్గర మృగశిర కార్తె వచ్చిందంటే మబ్బు కోసం ఆకాశంకేసి చూస్తుంటాం. అక్కడ జూన్ 1 ప్రాంతానికే మొదలై, జులై నాటికి వాన ఇంట్లో మనిషైపోతుంది. తెరిపిలో తిరగడం, జల్లులో చాయ్ దుకాణంలో కూర్చోవడం, ఇంతే పద్ధతి. ఆ దుకాణాల్లో కట్టన్ చాయ అని పాలు లేని టీ, దానితో పళంపొరి ఇస్తారు. అది బాగా మగ్గిన నేంద్రపు అరటిపండు బజ్జీ. పిల్లాడికి రెండు కొనిపెట్టు, గంటసేపు అల్లరి చెయ్యడు.

రోజూ పొద్దున్నే ఫోన్లో వాతావరణ శాఖ హెచ్చరిక చూడు, జిల్లాల వారీగా ఇస్తారు. ఎర్నాకుళం జిల్లాకి ఎల్లో అని ఉంటే గొడుగేసుకుని తిరగండి. ఆరెంజ్ అంటే రోజులో 12 నుంచి 20 సెంటీమీటర్ల వాన, ఊరు దాటొద్దు. రెడ్ అంటే 20 దాటుతుంది, రూమ్‌లో కూర్చుని పేకాడుకోండి. ఆరెంజ్, రెడ్ ఉన్న రోజుల్లో పడవలు, జలపాతాలు ఎలాగూ మూసేస్తారు. అందుకే హౌస్‌బోట్‌కి ముందే పూర్తి డబ్బు కట్టెయ్యకు. వాన వల్ల ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకో. 2018 ఆగస్టులో వరదొచ్చి విమానాశ్రయమే రెండు వారాలు మూసేశారు. ప్రతి ఏడూ అలా ఉండదులే, నీకు టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసులో ముఖ్యమైన పని పెట్టుకోకు, అంతే. ఎయిర్‌పోర్టు ఉండేది నెడుంబాస్సేరిలో, ఊళ్ళోంచి 30 కిలోమీటర్ల దూరం. వానలో గంట అనుకున్నది రెండు గంటలవుతుంది.

అన్‌సీజన్ కాబట్టి రూమ్ చవగ్గా దొరుకుతుంది, బేరం కూడా ఆడొచ్చు. కానీ చవగ్గా ఉందని గుడ్డిగా బుక్ చెయ్యకు. చాలామంది ఈ నెలల్లోనే రిపేర్లు, సున్నాలు పెట్టుకుంటారు. పైన డ్రిల్లింగ్ మోతకి నిద్ర పట్టదు. ఫోన్ చేసి మూడు సంగతులు అడుగు. పని ఏమైనా జరుగుతోందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, రూమ్ ఏ అంతస్తులో ఉంది? కింది అంతస్తు వద్దు, చెమ్మ వాసనకి మీ అత్తగారి ఆయాసం లేస్తుంది. పాత ఊరు ఫోర్ట్ కొచ్చిలో ఉంటే అందం, ఎర్నాకుళంలో ఉంటే సౌకర్యం. మీకు ముసలావిడా పిల్లాడూ ఉన్నారు కాబట్టి నా ఓటు ఎర్నాకుళానికే. రైల్లో వెళ్తే స్టేషన్ చూసుకో. జంక్షన్‌ని అక్కడ సౌత్ అంటారు, టౌన్‌ని నార్త్ అంటారు. ఆటోవాడికి ఆ పేర్లే చెప్పాలి.

బట్టల సంగతి. జీన్స్ తీసుకెళ్ళకు, ఒకసారి తడిస్తే మీరు ఇంటికొచ్చేదాకా ఆరదు. తోలు చెప్పులు వద్దే వద్దు. ఓ ఓనానికి పది రోజులు హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్ళేసరికి, బీరువాలో పెట్టిన పెదనాన్న ఆఫీసు బూట్ల మీద తెల్లగా, మెత్తగా బూజు మొలిచింది, కుందేలు పిల్లల్లా ఉన్నాయి. రబ్బరు శాండల్స్ తలో జత చాలు. ఇక్కణ్ణించి గొడుగులు మొయ్యొద్దు. గొడుగులకి అలెప్పీ పెట్టింది పేరు, అక్కడే కొనుక్కో, పదేళ్ళు వాడతావు.

ఫోర్ట్ కొచ్చి పక్కనే ఉన్న మట్టాంచేరి శుక్ర, శనివారాల్లో పెట్టుకోకు. శుక్రవారం ప్యాలెస్ సెలవు, శనివారం యూదుల ప్రార్థనా మందిరం సెలవు. ఎర్నాకుళం హైకోర్టు జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో ఎక్కండి. ఏసీ పడవ, అద్దాల మీద వాన కారుతుంటే కాయలు దాటుతుంది. కాయల్ అంటే అక్కడి ఉప్పునీటి సరస్సు, తినే కాయలు అనుకునేవు. ఆ ప్యాలెస్‌ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ 1555 ప్రాంతంలో కట్టించి కొచ్చి రాజుకిచ్చింది పోర్చుగీసువాళ్ళు. డచ్చివాళ్ళు తర్వాత బాగుచేశారు, పేరు వాళ్ళకొచ్చింది. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణం బొమ్మలు. సీజన్లో అయితే వెనకవాళ్ళు తోస్తుంటే చూడాలి. జులైలో ఓ మధ్యాహ్నం నేనూ కాపలా మనిషీ తప్ప ఎవరూ లేరు. బయట పెంకుల మీద వాన హోరు, లోపల ఆ మసక వెలుతురులో ఎర్రటి, పసుపు రంగుల్లో దేవతలు ఇరుకిరుగ్గా నిలబడి ఉన్నారు. గంటన్నర కూర్చున్నాను. మీ అత్తగారు బొమ్మల్ని చూసి కథ చెప్తారు, పిల్లాణ్ణి ఆవిడ పక్కన వదిలెయ్యి.

ఆవిడకి ఇంకో మంచి కబురు. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా మలయాళీలకి కర్కిడక మాసం. మన ఆషాఢంలా శుభకార్యాలు చెయ్యరు. సాయంత్రాలు ఇళ్ళల్లో దీపం పెట్టి రామాయణం చదువుతారు. ఆ నెలలో నాలంబలం అని, త్రిప్రయార్‌లో రాముణ్ణి, ఇరింజాలకుడలో భరతుణ్ణి, మూళిక్కుళంలో లక్ష్మణుణ్ణి, పాయమ్మల్‌లో శత్రుఘ్నుణ్ణి ఒకే రోజు దర్శించుకుంటారు. భరతుడికి విడిగా గుడి మనవైపు నేనెక్కడా చూడలేదు. కానీ తెల్లవారుజామున బయల్దేరాలి, వానలో క్యూలు. ఆవిడ మోకాళ్ళకి నాలుగూ కష్టమైతే ఇరింజాలకుడ ఒక్కటే చూసి రండి. మీ ఆయనకి ఓ తెల్ల పంచె పెట్టు, గుళ్ళోకి చొక్కా విప్పే వెళ్ళాలి. ఆయుర్వేదం బోర్డులు చూసి ఒక్క రోజు మసాజ్‌కి వేలు తగలెయ్యకండి. కర్కిడక చికిత్స అంటే పథ్యంతో రోజుల తరబడి చేసేది.

భోజనానికి కూర్చోగానే గ్లాసులో వేడిగా గులాబీ రంగు నీళ్ళు పోస్తారు. టీ అనుకుని చక్కెర అడగకు, మీ మామయ్య అడిగాడు. అవి పతిముఖం చెక్క వేసి కాచిన మంచినీళ్ళే. వానల్లో అవే తాగండి, పిల్లాడికీ అవే. మట్ట బియ్యం అన్నం లావుగా ఉంటుంది, మీకు ఎక్కకపోతే తెల్లన్నం అడగండి. అక్కడివాళ్ళు ఇష్టంగా తినే జయ బియ్యం మన గోదావరి వైపు నుంచి వెళ్ళేదే. చేపల మీద మరీ ఆశ పెట్టుకోకు. జులై 31 దాకా మరబోట్ల వేట నిషేధం, రేట్లు మండుతాయి. మన కోస్తాలో నిషేధం జూన్ 14తో అయిపోతుంది కాబట్టి మన చేపలే ఐసు పెట్టెల్లో అక్కడికి చేరతాయి. అంత దూరం వెళ్ళి కాకినాడ చేప తినొచ్చావని మీ నాన్న ఏడిపిస్తాడు.

ఇది మాత్రం జోకు కాదు. రోడ్డు మీద నిలిచిన నీళ్ళలో దిగొద్దు. అడుగున కాలవ మీద బండ ఉందో లేదో కనపడదు. పైగా ఆ నీళ్ళ వల్ల ఎలిపని అని ఎలుకల నుంచి వచ్చే జ్వరం తగులుకుంటుంది. కాలికి గీత పడి ఉంటే మరీ ప్రమాదం. ఒకవేళ దిగాల్సొస్తే రూమ్‌కి రాగానే సబ్బుతో కడుక్కోండి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా, వాననీళ్ళలో నడిచామని డాక్టర్‌కి ముందే చెప్పండి. సముద్రం దగ్గర పిల్లాడి చెయ్యి వదలొద్దు, ఆ నెలలో అలలు చూడ్డానికే.

వచ్చేటప్పుడు మట్టాంచేరిలో నాకో పావుకిలో మిరియాలు, కాస్త పతిముఖం చెక్క తీసుకురా. మిరియాలు రెండు కవర్లలో కట్టించు, చెమ్మ తగిలితే ఇంటికొచ్చేసరికి బూజు పడతాయి. బయల్దేరే ముందు రోజు ఫోన్ చెయ్యి, పొద్దున్నే చెయ్యి, మధ్యాహ్నం పడుకుంటాను.

మీ పెద్దమ్మ