బ్రేక్ వేస్తే డ్రైవర్ సీటు ముందుకు జారుతోంది, ఏం చూడాలి?

సీటు జరిపే లివర్ వదిలాక సీటు ఆగినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేక్ వేస్తే మాత్రం ముందుకు జారుతోంది అన్నారు. దయచేసి ఇది సరయ్యేదాకా ఆ బండి నడపకండి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక నాకూ ఇలాగే అయింది. ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగితే బ్రేక్ తొక్కాను. సీటు జారి స్టీరింగ్ మీదకి వచ్చేశాను. ఆ రోజు పట్టిన భయం ఇంకా గుర్తుంది.

సీటు కింద రెండు పట్టాలుంటాయి, చాలా బండ్లలో రెంటికీ లాక్ ఉంటుంది. లివర్ ఎత్తితే లాకులు విడిపోతాయి, వదిలితే స్ప్రింగు వాటిని మళ్లీ గాళ్లలో కూర్చోబెడుతుంది. ఒక వైపే పడితే మామూలుగా కూర్చున్నప్పుడు తేడా తెలియదు. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, లివర్ వదిలాక కాళ్లతో నెట్టుకుంటూ ముందుకీ వెనక్కీ గట్టిగా ఊగి చూడండి. సీటు ఒక పక్కే కదిలి వంకరగా తిరిగితే, ఆ పక్క లాక్ పడనట్టే.

మా బండిలో డోరు వైపు పట్టాలో రూపాయి బిళ్ల ఇరుక్కుంది. ఫాస్టాగ్ లేని రోజుల్లో టోల్‌గేట్ దగ్గర చిల్లర అందుకుంటూ జారవిడిచిందే అయ్యుంటుంది. ఫోన్ లైటు వేసి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు నుంచి, ముందుకు జరిపి వెనక నుంచి చూస్తేగానీ కనిపించలేదు. సన్నని స్క్రూడ్రైవర్‌తో తీశాను. అయినా లాక్ పూర్తిగా పడలేదు. అప్పుడు పక్క సీటు కిందకి తొంగి చూశాను. అక్కడ బిగుతుగా ఉన్న స్ప్రింగు, మా వైపు సాగిపోయి వేలాడుతోంది. మీరూ అలాగే పోల్చి చూడండి, మాన్యువల్ కన్నా అదే బాగా పనికొస్తుంది.

స్ప్రింగు మార్చాలంటే సీటు విప్పాలి. మామూలుగా నాలుగు బోల్టులుంటాయి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు. అలాంటి బండి అయితే మీరు విప్పకండి, మెకానిక్‌కి వదిలేయండి. మాది పాత బండి, ఆ వైర్లు లేవు. సీటు బరువుగా ఉంటుంది, పట్టాల అంచులు చేతులు కోస్తాయి, తోడుగా ఒకరు ఉండాలి.

సాగిన స్ప్రింగుని తీగతో కట్టొద్దు, అరిగిన పట్టాకి వెల్డింగ్ పెట్టించొద్దు. యాక్సిడెంట్‌లో సీటుని పట్టి ఉంచేది ఆ లాకే. లాకు పళ్లు అరిగి ఉంటే పట్టాల సెట్టు మొత్తం మార్చాలి. నేను స్ప్రింగు కొత్తది వేసి, గట్టిపడిన పాత గ్రీజు తుడిచి, తెల్ల లిథియం గ్రీజు పలచగా రాశాను. బోల్టులు ముందు చేత్తో తిప్పి, తర్వాతే స్పానర్‌తో బిగించాను.

బిగించాక ప్రతి గాడిలోనూ ఆపి ఊగి చూడండి. మాది అన్నిట్లో పట్టింది గానీ చివరి గాడిలో పట్టలేదు. మళ్లీ విప్పితే, పట్టా చివర ఇంకాస్త పాత గ్రీజు మిగిలిపోయి ఉంది.