పిల్లలకు కరెంటు పొదుపు నేర్పాలంటే మీటరు దగ్గరికి తీసుకెళ్ళండి

"మా బాబుకి కరెంటు పొదుపు, పర్యావరణం గురించి ఎంత చెప్పినా చెవికెక్కడం లేదు. స్కూళ్ళలో ఎలా నేర్పుతారు?" అని అడిగారు. తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదహారేళ్ళుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నా అనుభవంలో చెబితే ఏ పిల్లాడికీ ఎక్కదండీ. లెక్కపెట్టించాలి.

మొదట్లో నేనూ అందరిలాగే డిసెంబర్ 14 ఇంధన పొదుపు దినోత్సవానికి బొమ్మల పోటీ పెట్టించేవాణ్ణి. జ్వరం వచ్చిన భూగోళాన్ని ఎంత అందంగా వేసేవాళ్ళో! వేసేసి, ఫ్యాన్లు తిరుగుతుండగానే భోజనానికి పరుగెత్తేవాళ్ళు.

మూడేళ్ళ కింద ఒక ఆగస్టులో ఎనిమిదో తరగతిని వరండాలో మీటరు పెట్టె ముందు నిలబెట్టాను. అందులో ఎర్రలైటు మెరుస్తుంటుంది కదా, మా మీటరులో అది 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్, అంటే వెయ్యి వాట్లు గంటసేపు వాడినట్టు. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. అంటే గంటకు 240 మెరుపులు, నిమిషానికి నాలుగు. ఒక్క ఫ్యాన్ ఉంచి మిగతావన్నీ ఆపించి, వాచీ చూస్తూ లెక్కపెట్టమన్నాను. పది వచ్చింది. తప్పు లెక్క అన్నాను. మళ్ళీ పదే. ఆ ఫ్యాన్ కూడా ఆపించాను.

"సార్, అన్నీ ఆపేసినా ఇది కొట్టుకుంటానే ఉంది సార్!"

నిమిషానికి ఆరు. ఇక పిల్లలు ఆగలేదు. కంప్యూటర్ గది చూశారు, మోటారు స్టార్టర్ చూశారు, వంటగది చూశారు. చివరికి ఒకడు స్టోర్ రూమ్ తలుపు ముందు బోర్లా పడుకుని కింది సందులోంచి చూసి "ఈడుంది సార్" అని అరిచాడు. తాళం తీయిస్తే విరిగిన బెంచీలు, చుట్టచుట్టిన పాత ఫ్లెక్సీలు, వాటి మీద వెలుగుతూ రెండు ట్యూబ్‌లైట్లు. పాత చోక్ రకం, ఒక్కోటి 55 వాట్లు. ఎప్పటినుంచి వెలుగుతున్నాయో ఎవరికీ తెలియదు.

బోర్డు మీద లెక్క వేశాం. రెండూ కలిపి 110 వాట్లు, 24 గంటలూ వెలిగితే రోజుకు 2.64 యూనిట్లు, నెలకు 79. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మా ఇంటి బిల్లులో 60 యూనిట్లే ఉంటాయి సార్. మేం అయిదుగురం ఉంటాం" అంది. నాకేమీ తోచలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగా ఉంటుంది.

మర్నాడు ఇస్త్రీ బండి దగ్గర 700 గ్రాముల బొగ్గులు తూకం వేయించి తెచ్చి టేబుల్ మీద పోశాను. ఇది కట్టెబొగ్గు, ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్లో కాల్చేది రాతిబొగ్గు, కానీ ఒక యూనిట్‌కు కావలసింది సుమారు ఇంతే అని చూపించాను. ఆ స్టోర్ రూమ్ కోసం నెలకు 55 కిలోలన్న మాట. పాతిక కిలోల బియ్యం మూటలు రెండింటి కన్నా ఎక్కువ. బొగ్గు ముట్టుకుని చేతులు నల్లగా చేసుకున్న పిల్లలకు పర్యావరణం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఆ తరగతికి స్విచ్ ఆపమని నేను మళ్ళీ చెప్పలేదు.

అసలు ఇబ్బంది పెద్దవాళ్ళతోనే. పర్యావరణ దినోత్సవానికి ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టేది ఎవరు? జూన్ 5న మన తిరుపతి ఎండలో మొక్క నాటి, ఫొటో దిగి, మర్నాటి నుంచి చెంబెడు నీళ్ళు పోయనిది ఎవరు? ఏప్రిల్‌లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటే, అలవాటుగా గీజర్ వేసే ఇళ్ళు నేను చూశాను. ఏసీని 24 దగ్గర ఉంచితే చాలు, 18కి దించి దుప్పటి కప్పుకుంటారు. ఇవన్నీ పిల్లలు చూస్తూనే ఉంటారు. అలాంటి ఇంట్లో పిల్లాడు "నాన్నా, గీజర్ ఆపు" అంటే "నీకెందుకురా" అని కసురుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆపమంటే ఆపండి.

మీ బాబు ఏ తరగతో రాయలేదు. ఐదో తరగతి దాటితే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ మీటరులో ఎన్ని మెరుపులకు ఒక యూనిటో మీటరు మీదే రాసి ఉంటుంది. అన్నిటిలోనూ 3200 ఉండదు, ముందది చూసుకోండి. పెట్టె తెరవడం, వైర్లు ముట్టడం వద్దు, దూరం నుంచే కనిపిస్తుంది. ఇంట్లో అన్నీ ఆపేసి వాణ్ణి లెక్కపెట్టమనండి. సెట్‌టాప్ బాక్స్, వైఫై, ప్లగ్గులో వదిలేసిన చార్జర్, ఒక్కోటీ వాడే వెతుక్కుంటాడు. మీరు వెంట ఉండండి, జవాబు మాత్రం ముందే చెప్పకండి.