పెంటయ్య, పాండయ్య ఒకటేనా?

సందేహం: మా తాతగారి పేరు పెంటయ్య. మా తమ్ముడి పెళ్ళిపత్రికలో ఆ పేరు బాగుండదని, అది 'పాండయ్య'కు వికృతి కనుక 'పాండురంగయ్య' అని వేయించవచ్చని బంధువులు అంటున్నారు. నిజమేనా? ఇటువంటి పేర్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: నిజం కాదు. పాండురంగడు జనం నోట పాండు అయ్యాడు, రంగయ్య అయ్యాడు, పెంటయ్య కాలేదు. 'పా'లోని దీర్ఘం ఎత్వమై, డకారం టకారమైన మరో పేరు చూపితే తప్ప ఆ వ్యుత్పత్తి నిలవదు.

ఇది అచ్చంగా మన పెంటకుప్పలోని పెంటే. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకుండా పోతున్న ఇంట్లో, తరువాతి బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచేవారు. పొరుగింటామె ఎత్తుకుని, 'నాకు దొరికిన బిడ్డ' అని చెప్పి, తిరిగి తల్లికి ఇచ్చేది. పారేసిన బిడ్డపై మృత్యువు కన్ను పడదని నమ్మకం. అలా దక్కినవారే పెంటయ్యలు, పెంటమ్మలు. గుప్పెడు తవుడుకు బిడ్డను కొన్నట్టు నటిస్తే ఉత్తరాంధ్రలో తవిటయ్య అయ్యాడు. భిక్షగా దొరికిన బిడ్డ మీ నల్లగొండలో భిక్షమయ్య. ఆ పేరును ఎవరూ దాచుకోరు, సంస్కృతపు ముసుగుంది కాబట్టి! తెలుగు మాటకే ఈ నామోషీ ఎందుకు? పొలానికి పెంట తోలే రైతుకు అది పంటకు బలం. నల్లమలలో చెంచుల ఆవాసాలనూ పెంటలనే అంటారు: అప్పాపూర్ పెంట అలాంటిదే. (ఆడ జంతువును చెప్పే 'పెంటి' వేరే మాట, దానితో కలపకండి.)

ఇక ఇతర దేశాల సంగతి. మంగోలియాలో నెర్గుయ్ అంటే 'పేరు లేదు', ఎనెబిష్ అంటే 'ఇది కాదు'. బిడ్డ కోసం వచ్చిన దుష్టశక్తిని దారి తప్పించే పేర్లివి. తుర్కులు దాపరికం లేకుండా నేరుగా వేడుకున్నారు: దుర్సున్, అంటే 'ఉండిపోనీ'. చైనాలో కుక్కలు కూడా ముట్టకుండా వదిలేసిన బిడ్డ అనే అర్థంలో ముద్దుపేర్లు పెట్టేవారు. ఋగ్వేదానికి చెందిన మన ఐతరేయ బ్రాహ్మణంలోనూ అజీగర్తుడనే ఋషి ముగ్గురు కొడుకులు శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడింటికీ కుక్క తోక అనే అర్థం. కారణం అక్కడ చెప్పలేదు కనుక దాన్ని సాక్ష్యంగా తీసుకోను. కాని చెవికి ఇంపుగా లేని పేరు పెట్టడం చదువురానివారి మోటుతనమనే మాటకు అది చాలినంత జవాబు.

మీ తాతగారిని దక్కించుకోవడానికి ఒక తల్లి ఆయనను పెంటకుప్ప మీద ఉంచి, ఎవరో ఎత్తుకునేదాకా ఎదురుచూసి ఉంటుంది. పత్రికలో పెంటయ్య అనే వేయించండి. టకు ఒత్తు పెట్టనివ్వకండి.