క్రోన్స్ జబ్బు: స్టెరాయిడ్‌తో నెట్టుకురావడం ఎన్నాళ్లు?

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు, 60 కిలోలు. పొత్తికడుపులో కుడివైపు నొప్పి, విరేచనాలు ఉంటే పేగు టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. తగ్గలేదు. ఇప్పుడు క్రోన్స్ (పేగుల్లో ఏళ్ల తరబడి మంట, పుండ్లు పెట్టే జబ్బు) అంటున్నారు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మి.గ్రా. వేసుకుంటే వారంలో తేరుకుంటాడు. 15కు దించేసరికి నొప్పి తిరగబెడుతుంది. పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ తెచ్చుకుంటున్నాడు. ఇంజెక్షన్లు పెట్టాలంటున్నారు, భయంగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పాత చీటీతో కొనడం ఆగాలమ్మా. అయితే మాత్ర ఒక్కసారిగా మాన్పించకండి. వారాల తరబడి వాడినవాళ్లలో ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 40తో మొదలుపెట్టి, గుణం కనిపించాక వారానికి 5 మి.గ్రా. చొప్పున దించుతూ రెండు మూడు నెలల్లో ఆపేయడం పద్ధతి. వాడినన్నాళ్లూ కాల్షియం, విటమిన్ డి ఇవ్వాలి, షుగర్ చూస్తుండాలి.

దించగానే తిరగబెడుతోందంటే దానికి తోడు వేరే మందు కావాలని అర్థం. స్టెరాయిడ్ మంటను చల్లారుస్తుంది, పేగులోని పుండును మాన్పి అలాగే నిలబెట్టలేదు. నొప్పి తెలియకపోయినా పుండు గోడ లోతుల్లోకి దిగుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు పేగు ఇరుకైపోవచ్చు, పక్క పేగులోకో చర్మంలోకో దారి పడవచ్చు. మా భయమంతా దాని గురించే.

మొదట టీబీ అనుకోవడం తప్పు కాదు. రెండు జబ్బులూ చిన్నపేగు చివరే ఎక్కువగా వస్తాయి, ఒక్కోసారి బయాప్సీలో (పేగు ముక్క తీసి చేసే పరీక్ష) కూడా తేల్చి చెప్పలేం. అందుకే టీబీ మందులు మొదలెట్టిన రెండు నెలలకే కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరాతో పేగును చూసే పరీక్ష) మళ్లీ చేసి పుండ్లు మానుతున్నాయో లేదో చూడాలి. జ్వరం తగ్గింది, ఆకలి వేస్తోందని సరిపెట్టుకుంటే మిగతా నాలుగు నెలలూ క్రోన్స్ దారి క్రోన్స్‌దే.

తోడు మందుల్లో చవకైనది అజాథయోప్రిన్. కిలో బరువుకు 2 నుంచి 2.5 మి.గ్రా. లెక్కన మీవాడికి రోజుకు 125–150 మి.గ్రా. దాకా వెళ్తుంది. పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి స్టెరాయిడ్ నడుస్తుండగానే మొదలెట్టాలి. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లకు ఈ మందుతో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆసియావాసుల్లో ఆ తేడా అరుదు కాదు. ఆ పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు. అది బాగున్నా మొదటి నెల వారం వారం, తర్వాత దూరం పెంచుతూ మూడు నెలలకోసారి సీబీసీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్షలు తప్పవు. మధ్యలో జ్వరం వచ్చినా, జుట్టు కుచ్చులుగా ఊడినా అజాథయోప్రిన్ ఆపి అదే రోజు సీబీసీ చేయించండి. గౌట్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ దీంతో కలిస్తే ప్రమాదం. కొత్తగా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పాలి.

ఇంజెక్షన్ అన్నది బహుశా ఇన్‌ఫ్లిక్సిమాబ్. కిలోకు 5 మి.గ్రా., అంటే మీవాడికి 100 మి.గ్రా. వయల్స్ మూడు. మొదటి రోజు, 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి. సెలైన్‌లో కలిపి రెండు గంటల్లో ఎక్కిస్తారు. అది లోపల దాగిన టీబీని లేపగలదు కాబట్టి ముందే ఛాతీ ఎక్స్‌రే, దాగిన టీబీని పట్టే ఇగ్రా (రక్తపరీక్ష) లేదా మాంటూ (చర్మపరీక్ష), హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయాలి. స్టెరాయిడ్ మీద ఉండగా ఇగ్రా నెగెటివ్ వచ్చినంత మాత్రాన ధైర్యపడకూడదు.

ఖర్చు సంగతి మొదలెట్టక ముందే తేల్చుకోండి. రెండు డోసులు వేయించి, డబ్బుల్లేక ఆరు నెలలు ఆగి మళ్లీ వేయిస్తే, ఈలోపు ఒళ్లు దానికి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మందు పనిచేయదు, రియాక్షన్ కూడా రావచ్చు. బయోసిమిలర్లు (అదే మందుకు దీటుగా వేరే కంపెనీలు చేసేవి) చవక, మొహమాటపడకుండా అడగండి.

జబ్బు చిన్నపేగు చివర జానెడు మేరకే ఉంటే ఆపరేషన్ గురించి ఇప్పుడే మాట్లాడండి. అన్ని మందులూ అయిపోయాక చేసే పని అనుకోవద్దు. అయితే కోసి కలిపిన చోటే జబ్బు తిరిగి మొదలవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది లోపు కొలనోస్కోపీ, విటమిన్ బీ12 మీద కన్ను తప్పనిసరి. సిగరెట్ తాగితే మానాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ వేసుకోవచ్చు.

ప్రశ్న: మలద్వారం పక్కన ఫిస్టులాకు (చీము కారే దారి) రెండుసార్లు ఆపరేషన్ అయింది. మళ్లీ చీము. క్షారసూత్రం (మందు పూసిన దారంతో మెల్లగా కోసే ఆయుర్వేద పద్ధతి) కట్టించుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు ఎమ్మారై, కొలనోస్కోపీ చేయించండి. అది క్రోన్స్ ఫిస్టులా అయితే, కత్తితోనైనా క్షారసూత్రంతోనైనా కోసిన గాయం మానడం కష్టం, కండరం దెబ్బతిని మలం ఆగని పరిస్థితి రావచ్చు. చీము తీసి, చీము బయటికి కారిపోయేలా, బిగించకుండా వదులుగా సీటన్ అనే దారం వేసి, యాంటీబయాటిక్స్‌తో పాటు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇవ్వడం దీనికి వరస. చీము ఉండగా ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు.

ప్రశ్న: ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో ఏడాదిగా బాగున్నాను. బిడ్డ కోసం ఆపేయనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆపకండి. గర్భంలో జబ్బు తిరగబెడితేనే నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ లాంటి చిక్కులు ఎక్కువ. ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు మెథోట్రెక్సేట్ వాడుతుంటే మాత్రం డాక్టర్‌కు చెప్పి కనీసం మూడు నెలల ముందే మానాలి. ఒక సంగతి కాన్పు ఫైలు మీద ఇప్పుడే రాయించుకోండి: ఈ మందు మాయ దాటి బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటుంది. కాబట్టి పుట్టగానే వేసే, బతికున్న క్రిములతో చేసిన బీసీజీ (టీబీ) టీకా వేయకూడదు, ఏడాది దాకా వాయిదా వేయాలి. కాన్పు వార్డులో నర్సు అలవాటుగా వేసేస్తుంది. మీ ఇంట్లోవాళ్లకూ ఈ మాట చెప్పి ఉంచండి. పోలియో చుక్కలు, రోటావైరస్ గురించి పిల్లల డాక్టర్‌ను అడగండి.