నాన్న లారీల్లో తిరిగాడు, నన్ను వద్దంటాడేం?

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. మా నాన్న 80ల్లో, మద్రాసులో టమాటా దింపి వచ్చే లారీలు పట్టుకుని మదనపల్లె, బెంగళూరు దాకా తిరిగొచ్చేవాడట. నేను లిఫ్టులు అడుగుతూ హంపి పోతానంటే మాత్రం ఇంట్లో యుద్ధమే. రోజులు అంత పాడైపోయాయా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మనుషులు పాడైపోయారని నేననుకోను, మారింది రోడ్డు. అప్పట్లో లారీలు ఊళ్ల మధ్యలోంచే పోయేవి, టీ కొట్టు దగ్గర ఆగేవి. ఆ డ్రైవరు ఏ ఊరివాడో, ఎవరి లోడు వేసుకొచ్చాడో కొట్టాయన చెప్పేవాడు కాబట్టి ఎక్కకముందే సగం విచారణ అయిపోయేది. ఇప్పుడు బైపాస్ మీద నిలబడి చెయ్యెత్తాలి. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి మీకోసం ఉన్నట్టుండి బ్రేకు కొడితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. నాకు దొంగల కంటే దీని భయమే ఎక్కువ, అందులోనూ మీరు పోయే దారిలో భాకరాపేట ఘాట్ ఉంది, చీకటి పడ్డాక అక్కడ ఎవర్నీ ఆపమని అడగకండి.

అసలు 60, 70ల్లో జోలె తగిలించుకుని లోకం తిరిగిన విదేశీ కుర్రాళ్లు, ఆ హిప్పీల దారే చూడండి. ఇస్తాంబుల్ నుంచి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా మన దేశానికి వచ్చేవాళ్లు. 1979లో అది మూతపడింది డ్రైవర్లు చెడ్డవాళ్లయి కాదు, ఇరాన్‌లో విప్లవం వచ్చి, ఆఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం దిగి.

లిఫ్ట్ అడిగేవాళ్లు పట్టించుకోనిది ఇన్సూరెన్సు. లారీలో ఊరికే ఎక్కినవాడికి ఏదైనా అయితే బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తేల్చేసింది. బైకు వెనక కూర్చున్నా, ఆ బండికి ఉన్నది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ, అంటే బయటివాళ్లకు జరిగే నష్టానికే పనికొచ్చేది అయితే మీకు వర్తించదు. ఇది 2006 నాటి తీర్పు. పాపం, జాలిపడి ఎక్కించుకున్నవాడే కోర్టు చుట్టూ తిరగాలి.

ఫోను మీ నాన్నకు లేని బలం. నంబరు ప్లేటు ఫొటో ఇంటికి పంపి ఎక్కండి, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటల దాకా పెట్టొచ్చు, అవసరమైతే ఎమర్జెన్సీ నంబరు 112 ఉంది. కానీ ప్రతి మలుపులో స్టోరీ పెట్టారంటే ఒంటరిగా ఎక్కడున్నారో ఊరందరికీ తెలుస్తుంది. చార్జింగ్ అయిపోతే దారీ ఉండదు, డబ్బూ ఉండదు, కాస్త నోట్లు విడిగా దాచుకోండి.

నన్నడిగితే తిరుపతిలో హరిప్రియ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోసపేటలో దిగండి. అక్కణ్ణుంచి హంపి దగ్గరే. ఆ చుట్టుపక్కల పగటిపూట ఎన్ని లిఫ్టులైనా అడగండి, నాన్నతో నేను మాట్లాడతా!

ప్రశ్న: రోజూ చంద్రగిరి నుంచి చిత్తూరుకు కారులో పోతా. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపాలని ఉంటుంది, ఏదైనా కేసులో ఇరికిస్తారేమోనని టెన్షన్.
- ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మనసొప్పకపోతే ఆపకండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఆపాలనిపిస్తే మాత్రం పగలు, నలుగురూ ఉన్న బస్టాపులో ఆపండి. కాణిపాకం క్రాస్‌లో ఎండలో నిలబడ్డ ముసలావిడను ఎక్కించుకోడానికి అంత ఆలోచించక్కర్లేదు. మీ పాలసీ బండిలో కూర్చున్నవాళ్లకూ వర్తించే ప్యాకేజీదేనా, థర్డ్ పార్టీ మాత్రమేనా అని ఏజెంటును ఇవాళే అడగండి. దిగేటప్పుడు ఎవరైనా డబ్బులిస్తే తీసుకోవద్దు, సొంత బండిని కిరాయికి తిప్పుతున్నట్టు లెక్క.